పొరుగువాని చేలో కొడవలి

మోషే ధర్మశాస్త్రంలో ఒక చిన్న కట్టడ ఉంది. ప్రసంగాల్లో అది అరుదుగా వినిపిస్తుంది. పొరుగువాని ద్రాక్షతోటలోకి వెళ్లినవాడు ఆకలి తీరేదాకా పండ్లు తినవచ్చు గాని గంపకెత్తుకొని పోకూడదు. పొరుగువాని పంటచేలో నడిచేవాడు చేత్తో నాలుగు వెన్నులు తుంచుకోవచ్చు గాని కొడవలి పెట్టి కోయకూడదు (ద్వితీ. 23:24,25). ఈ కట్టడ ఇశ్రాయేలీయుల జీవితంలో ఎంతగా ఇంకిపోయిందో సువార్తల్లో కనిపిస్తుంది. ప్రభువు శిష్యులు ఆకలితో ఎవరి చేలోనో వెన్నులు తుంచుకొని తిన్నారు. తప్పులు వెదకడమే పనిగా పెట్టుకున్న పరిసయ్యులు కూడా విశ్రాంతి దినం మీరారన్నారే గాని దొంగతనం చేశారని అనలేదు (మత్తయి 12:1,2). చేత్తో తుంచుకోవడం ఆకలిగొన్నవాని హక్కు. కొడవలి పెడితే అది దోపిడి. ఆకలితో ఉన్నవాడు పస్తుండకూడదు, దున్నినవాడు పంట పోగొట్టుకోకూడదు. దేవుడు రెండు వైపులా చూశాడు.

పంట అంటే ఇవాళ వరీ, మొక్కజొన్నా మాత్రమే కాదు. ఒకరు రాసిన పాట, ఒకరు తీసిన సినిమా, ఒకరు వేసిన చీర డిజైను, ఏళ్లకేళ్లు శ్రమించి తయారుచేసిన విత్తన రకం, నాణ్యతతో సంపాదించుకున్న కంపెనీ పేరు కూడా పంటలే. వీటిని మేధోసంపత్తి అంటున్నాం. అనుమతి లేకుండా వీటిని కోసుకుపోవడాన్ని పైరసీ అంటున్నాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సంఘాల్లో మేము ఈ మాట ఎత్తినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఒక్క కాపీ చేసుకుంటే ఏమైతది అయ్యగారూ? వాళ్ల సొమ్ము వాళ్ల దగ్గరే ఉన్నది కదా!"

న్యాయమైన ప్రశ్నే. మేకను తోలుకుపోతే దొడ్డి ఖాళీ అవుతుంది. పాటను కాపీ చేస్తే పాట ఇద్దరి దగ్గరా ఉంటుంది. మరి పోయిందేమిటి? దీనికి జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన మూడు ఊళ్ల చేతిపనులే జవాబు చెబుతాయి.

జగిత్యాల విత్తనం

జగిత్యాల పక్కన పొలాసలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. మన రైతులు 'జగిత్యాల సన్నాలు' అని పిలుచుకునే జేజీఎల్ 1798 వరి రకం అక్కడిదే. సాంబ మసూరిని కావ్య రకంతో సంకరపరచి దాన్ని తయారుచేశారు. కొత్త రకం ఒక్క సీజనులో పుట్టదు. ఒక మొక్క పూలలో మగ భాగాలను సన్నటి చిమటాతో తీసేసి, మరో మొక్క పుప్పొడిని దానికి అందించి, వచ్చిన గింజలను నాటి, ప్రతి పంటలోనూ మంచి మొక్కలను ఏరుకుంటూ పోవాలి. ఉల్లికోడును తట్టుకుంటుందా, గాలికి పడిపోతుందా, అన్నం తినడానికి బాగుంటుందా అని ఏళ్ల తరబడి చూడాలి. రకం విడుదలయ్యేసరికి ఎనిమిది, పదేళ్లు గడిచిపోవడం మామూలే.

ఇలాంటి శ్రమను కాపాడటానికి మన దేశం 2001లో మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం చేసింది. రకాన్ని తయారుచేసినవారికి ఆ చట్టం హక్కులిచ్చింది. అదే చట్టం 39వ సెక్షన్ రైతును కూడా గుర్తుపెట్టుకుంది. రక్షణ ఉన్న రకమైనా సరే, రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒక్క పని మాత్రం చేయకూడదు. ప్యాకెట్లో పోసి, లేబుల్ వేసి, బ్రాండ్ విత్తనంగా అమ్మకూడదు. చేతికీ కొడవలికీ మధ్య మోషే గీసిన గీత లాంటిదే ఇక్కడా ఉంది.

ఆ గీతను పెద్దవాళ్లు జరపబోయినా తప్పే. చిప్స్ తయారీకి వాడే ఒక బంగాళదుంప రకాన్ని తమ అనుమతి లేకుండా పండించారంటూ 2019లో పెప్సీకో సంస్థ గుజరాత్ రైతులపై కోర్టుకెక్కింది. నలుగురు చిన్న రైతుల మీద ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా పరిహారం అడిగింది. దేశమంతటా నిరసన వచ్చాక ఆ ఏడాదే కేసులు వెనక్కి తీసుకుంది. తర్వాత ఆ రకం రిజిస్ట్రేషన్ 2021లో రద్దయింది, 2024లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో మళ్లీ నిలిచింది. కంపెనీకి హక్కు ఉండటం వేరు, ఆ హక్కును చూపి చిన్న రైతును బెదిరించడం వేరు. తోట యజమాని హక్కుకూ ఒక హద్దుందని ధర్మశాస్త్రం చెబుతూనే ఉంది.

ఇక రెండో వైపు చూద్దాం. పేరున్న కంపెనీ ప్యాకెట్‌ను అచ్చంగా దొంగగా ముద్రించి, అందులో నాసిరకం గింజలు నింపి అమ్మేవాళ్లున్నారు. దొంగిలించింది ఒక పేరునూ ఒక బొమ్మనూ మాత్రమే. నష్టపోయేది మాత్రం రైతు. మొలకలు రాకపోతే వెంటనే తెలుస్తుంది. మొలిచి, ఏపుగా పెరిగి, పూతా కాతా లేకపోతే సీజను గడిచాక గాని తెలియదు. అప్పటికి దుక్కి ఖర్చు, ఎరువు ఖర్చు, కౌలు అన్నీ అప్పుగా మిగులుతాయి. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లో నకిలీ విత్తనాల వ్యాపారులను పీడీ చట్టం కిందికి తెచ్చింది. నకిలీ విత్తనానికి మోసపోయిన రైతు దగ్గరకు వెళ్లి "కాపీ చేస్తే ఏమైతది?" అని అడిగే ధైర్యం మనలో ఎవరికుంది?

సిరిసిల్ల మగ్గం

సిరిసిల్ల పేరు చెబితే అగ్గిపెట్టెలో పట్టే చీర గుర్తొస్తుంది. దాన్ని నేసిన నల్ల పరంధాములు పేరు కూడా గుర్తొస్తుంది. ఆయన కుమారుడు విజయ్ ఆ పనితనాన్ని కొనసాగించాడు. జీ20 లోగోను మగ్గం మీద నేసిన వెల్ది హరిప్రసాద్‌ను 2022 నవంబరులో ప్రధానమంత్రి 'మన్ కీ బాత్' ప్రసంగంలో పేరు పెట్టి ప్రస్తావించారు. వేల మరమగ్గాల చప్పుడులో ఎవరి పేరూ వినిపించని ఊళ్లో ఇలా కొందరి పేర్లు నిలిచాయంటే, అది ఆ పనితనానికి దక్కిన గౌరవం.

పనివాని పేరుకు బైబిల్ కూడా చాలా విలువిచ్చింది. ప్రత్యక్ష గుడారం కట్టించేటప్పుడు దేవుడు బెసలేలును, అహోలీయాబును పేరుపెట్టి పిలిచాడు. చెక్కడం, రంగు నూలుతో బుటా వేయడం, నేయడం వంటి నేర్పులన్నీ దేవుడిచ్చినవేనని అక్కడ స్పష్టంగా రాసి ఉంది (నిర్గమ. 35:30-35). నేత నేర్పు దేవుని వరమైతే, ఒకరి డిజైనును దొంగచాటుగా ఎత్తుకుపోవడం ఆ వరాన్ని అవమానించడమే.

పోచంపల్లి ఇక్కత్ సంగతి చూడండి. నూలును ముందుగా లెక్క ప్రకారం ముళ్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గానికెక్కిస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుంటే గాని ఆ పని తెమలదు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం అమల్లోకి వచ్చిన తొలి రోజుల్లోనే, 2004-05లో, పోచంపల్లి ఇక్కత్‌కు ఆ గుర్తింపు దక్కింది. అయినా అదే డిజైనును మామూలు గుడ్డ మీద అచ్చువేసి 'పోచంపల్లి' అని అమ్మేవాళ్లు ఆగలేదు. చీరను తిరగేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. నిజమైన ఇక్కత్‌లో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు గుడ్డలో వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది.

చేనేతకు కేటాయించిన కొన్ని రకాలను మరమగ్గం మీద నేయకూడదని 1985లోనే పార్లమెంటు చట్టం చేసింది. మొదట 22 రకాలు ఉండేవి, ఇప్పుడు 11 ఉన్నాయి. సిరిసిల్లలో మరమగ్గం నడిపే సోదరుడికి ఇది కష్టంగానే తోచవచ్చు. ఆయనా చేనేత కుటుంబం నుంచి వచ్చినవాడే, ఆయనకూ ఇల్లు గడవాలి. కాని తాను కష్టపడి రూపొందించిన చీరను రేపు మరో రాష్ట్రంలోని మిల్లు కాపీ కొట్టి సగం ధరకు సంతలో పోస్తే ఆయన గుండె ఎలా మండుతుందో, పోచంపల్లి నేతన్న గుండె కూడా అలాగే మండుతుంది.

కోరుట్ల లేబుల్

కోరుట్ల చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో అక్కచెల్లెళ్లు చేటలో తునికాకు, తంబాకు పెట్టుకొని కూర్చుంటారు. వెయ్యి బీడీలు చుడితే ఇంత అని లెక్క. బీడీ తాగడం మంచిదని మేము ఎన్నడూ చెప్పం. కాని ఆ కూలీతోనే పిల్లలను చదివించిన తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టేవారికి కూడా భవిష్యనిధి వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే ఈ ప్రాంతంలో పీఎఫ్ ఉన్న కంపెనీలో పని దొరకడం ఒక భరోసా.

ఇప్పుడు ఎవరో ఆ కంపెనీ లేబుల్‌ను దొంగగా అచ్చు కొట్టించి, చాటుగా చుట్టించిన బీడీ కట్టలకు అంటించి అమ్మారనుకోండి. కంపెనీ అమ్మకం పడిపోతే సేటు కారు అమ్ముకోడు. ముందు తగ్గేది మన అక్కకు వారానికి దొరికే పని దినాలు. చాటుగా చుట్టినవారికి పీఎఫ్ ఉండదు, గుర్తింపు కార్డు ఉండదు, అడిగే దిక్కూ ఉండదు. దొంగ లేబుల్ దెబ్బ పై నుంచి జారుతూ జారుతూ అట్టడుగున కూర్చున్న మనిషి మీదే పడుతుంది.

సినిమా విషయంలోనూ ఇంతే. "హీరోలు కోట్లు తీసుకుంటారు, వాళ్లకేం నష్టం?" అంటారు. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' సినిమా ఇంకా విడుదల కాకముందే దాదాపు సగం బయటికొచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు అమ్ముడయ్యాయి. నిర్మాతలు హడావుడిగా విడుదల తేదీని ముందుకు జరిపి సెప్టెంబరు 27న థియేటర్లకు తెచ్చారు. ఆ సినిమా పెద్ద హీరోది కాబట్టి నిలదొక్కుకుంది. పేరు లేనివాళ్ల సినిమాకు అదే దెబ్బ తగిలితే లేచే అవకాశం ఉండదు. లైట్లు మోసేవాళ్లకు, ఊళ్లో థియేటరు గేటు దగ్గర నిలబడే మనిషికి రేపటి పని పోతుంది.

2025 నవంబరులో ఐబొమ్మ వెబ్‌సైట్ నడిపాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు, పేదలకు సినిమా చూపించిన పుణ్యాత్ముడని పొగిడినవాళ్లు ఎందరో! టికెట్ ధరలు సామాన్యుడికి అందకుండా పోతున్న మాట నిజమే. కాని ఇలాంటి సైట్లు బెట్టింగ్ యాప్‌ల ప్రచారంతో డబ్బు సంపాదిస్తున్నాయని, చూసేవాళ్ల వివరాలు సేకరిస్తున్నాయని పోలీసులు అప్పుడు చెప్పారు. బెట్టింగ్ అప్పులతో కుటుంబాలు ఎలా కూలిపోతున్నాయో మన ఊళ్లలో వేరే చెప్పాలా? ఉచితంగా చూశామనుకున్నదానికి మరెవరి ఇల్లో ధర చెల్లిస్తోంది. పైగా సినిమా ఆకలి లాంటిది కాదు. చూడకపోతే ఎవరూ పస్తుండరు.

శిక్షలు కూడా చిన్నవి కావు. కాపీరైట్ ఉల్లంఘనకు మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. సినిమాను దొంగగా రికార్డు చేసి ప్రసారం చేసేవారికి 2023 సవరణ చట్టం కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల జరిమానా విధించింది. ఆ జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు.

మల్యాల మండలం లంబాడిపల్లి సంగతి మన జగిత్యాల జిల్లా వాళ్లకు తెలిసిందే. ఆ పల్లెలో మొదలైన 'మై విలేజ్ షో' గంగవ్వను తెలుగువాళ్లందరికీ పరిచయం చేసింది. పల్లెటూరి యువకులు సొంత ఊళ్లోనే ఉండి యూట్యూబ్ వీడియోలతో బతకవచ్చని అది చూపించింది. యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశారన్న లెక్క మీదే సంపాదన. ఒకరి వీడియోను దించుకొని, పేరు చెరిపేసి, తన పేజీలో పెట్టుకునేవాడు ఆ సంపాదనలోకే చెయ్యి పెడుతున్నాడు. దుబాయికి వెళ్లకుండా ఊళ్లోనే బతకాలనుకున్న పిల్లవాని చేలోనే ఇక్కడ కొడవలి పడుతోంది.

సంఘంలో పాట

"మేం సినిమాలు చూడం, మాకేం సంబంధం?" అని విశ్వాసులు అనుకోవచ్చు. మన ముంగిట్లోకే వద్దాం. సీడీల కాలంలో రెండు, మూడు వందల క్రైస్తవ గీతాలను ఒకే సీడీలో కుక్కి, కన్వెన్షన్ పందిళ్ల దగ్గరే ముప్పై, నలభై రూపాయలకు అమ్మేవారు. రాసినవారి పేరు లేదు, పాడినవారి పేరు లేదు. ఇప్పుడు అదే పని ఫోన్లలో జరుగుతోంది. ఒకరి ఆల్బమ్‌లోని పాటను తమ చానల్లో పెట్టుకుంటున్నారు. అమ్మకానికున్న వ్యాఖ్యాన గ్రంథాన్ని స్కాన్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంచుతున్నారు. సంఘ పత్రిక దొంగ సాఫ్ట్‌వేర్‌తో తయారవుతోంది. మరొకరి ప్రసంగం పేరు లేకుండా మన పీఠం మీదికి వస్తోంది.

చట్టం ఇక్కడ సంఘానికి చాలా తలుపులు తెరిచే ఉంచింది. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాట పాడటం, వాయించడం ఉల్లంఘన కాదని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆరాధనలో ఏ పాట పాడాలన్నా భయం అక్కర్లేదు. రచయిత చనిపోయాక 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది. 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. చదువుకునే పిల్లలకూ వెసులుబాటు ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక జిరాక్స్ షాపుపై 2012లో విదేశీ ప్రచురణ సంస్థలు కేసు వేస్తే, పాఠానికి అవసరమైన మేరకు పుస్తక భాగాలు కాపీ చేయడం తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చేత్తో తుంచుకోవడానికి ఇంత చోటుండగా కొడవలి ఎందుకు?

ఒక పాట రికార్డు కావాలంటే స్టూడియో అద్దె ఉంటుంది. తబలా, కీబోర్డు, వేణువు వాయించినవారికి ఇవ్వాలి. మన పాటల రచయితల్లో ఎక్కువమంది చిన్న ఉద్యోగులు, పల్లె సేవకులు. భార్య నగ తాకట్టు పెట్టి ఆల్బమ్ చేసినవాళ్లున్నారు. కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ. 24:15). బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ కేక ప్రభువు చెవిని చేరిందని యాకోబు రాశాడు (యాకోబు 5:4). ఆ కూలీల వరుసలో తబలా వాయించినవాడూ ఉన్నాడు.

"ఇది దేవుని పని, ఉచితంగా పొందాం, ఉచితంగా ఇస్తున్నాం" అని కొందరు మత్తయి 10:8 చూపిస్తారు. మంచిదే, రెండు వచనాలు కిందికి చదవాలి. పనివాడు తన ఆహారానికి అర్హుడని ప్రభువు అదే సందర్భంలో చెప్పాడు (10:10). నాకు ప్రభువు ఇచ్చినదాన్ని నేను ఉచితంగా ఇవ్వవచ్చు. పొరుగువానిదాన్ని ఉచితంగా ఇచ్చే అధికారం నాకెక్కడిది? దావీదు బలి అర్పించడానికి అరౌనా కళ్లం అడిగినప్పుడు, ఆయన కళ్లంతో పాటు ఎడ్లనూ కట్టెలనూ ఊరికే ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. తనకు ఖర్చు లేని బలిని దేవునికి అర్పించనని చెప్పి వెల చెల్లించాడు (2 సమూ. 24:24). యజమాని సంతోషంగా ఇస్తానన్నదానికే రాజు వెల కట్టాడు. యజమానికి తెలియకుండా తెచ్చినదాన్ని మనం ఆరాధన అని ఎలా అనగలం?

పేరు సంగతి కూడా మరవకూడదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనకు కింద రచయిత పేరు అచ్చువేస్తారు. మన పెద్దలు నేర్పిన మర్యాద అది. రోమా పత్రిక పౌలు చెప్పింది. కాని దాన్ని చేత్తో రాసిన తెర్తియు తన పేరుతో వందనం పెట్టుకోవడానికి పౌలు చోటిచ్చాడు (రోమా 16:22). మరోవైపు, ఒకరి దగ్గర ఒకరు మాటలు దొంగిలించి ప్రవచనాలుగా చెప్పేవారికి తాను విరోధినని దేవుడు యిర్మీయా ద్వారా హెచ్చరించాడు (యిర్మీయా 23:30). పీఠం మీద నిలబడే మా వంటివారికి ఈ మాట మరింత గట్టిగా వినిపించాలి. "ఫలానా దైవసేవకుని ప్రసంగం నుంచి నేర్చుకున్నాను" అని చెబితే ప్రసంగం బలహీనపడదు.

ఈ వారమే ప్రతి సంఘం చేయగలిగిన పనులున్నాయి. చానల్లో పాట పెట్టేముందు రాసినవారికి ఒక్క ఫోన్ చేయండి. ప్రభువు మహిమ కోసం చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు, వద్దంటే వదిలేయండి. పాటల కరపత్రంలో రచయిత పేరు వేయండి. సంఘ బడ్జెట్‌లో పుస్తకాలకూ పాటలకూ కొంత సొమ్ము కేటాయించండి. పది కాపీలు జిరాక్స్ తీసే బదులు రెండు పుస్తకాలు కొని సంఘ గ్రంథాలయంలో పెడితే ఊరంతా చదువుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేకపోతే లిబ్రే ఆఫీస్ వంటివి, యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. వాటిని తయారుచేసినవారు తోట గేటు తామే తెరిచి పెట్టారు, కృతజ్ఞతతో వాడుకుందాం.

ఇతరులు మనకు ఏమి చేయాలని కోరుకుంటామో అదే వారికి చేయమని ప్రభువు ఆజ్ఞ (మత్తయి 7:12). జగిత్యాల రైతు ప్యాకెట్ మీద రాసిన విత్తనమే లోపల ఉండాలని కోరుకుంటాడు. సిరిసిల్ల నేతన్న తన చీరను తన చీరగానే అమ్మాలని కోరుకుంటాడు. కోరుట్ల అక్క తాను చుట్టిన ప్రతి కట్టకూ లెక్క దొరకాలని కోరుకుంటుంది. తమ చేను విషయంలో ఇంత స్పష్టంగా తెలిసినవాళ్లం పొరుగువాని చేను గట్టు మీద నిలబడినప్పుడు కూడా ఆ స్పష్టతనే ఉంచుకుందాం. ఆకలైతే చేత్తో నాలుగు వెన్నులు తుంచుకుందాం. కొడవలిని మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళదాం.